తాతకు సేమియా

సిద్దిపేట, 11 నవంబరు 1945.

చిరంజీవి మొగిలయ్యకు నాయనమ్మ ఆశీస్సులు. జ్వరంతో మంచాన పడిన మీ తాత ఇవాళ లేచి నడిచాడు. అందుకే ఈ కార్డు.

మాంసం తింటేనే బలం వస్తుందని దవాఖాన డాక్టరు అన్నాడు. మల్లన్న జాతరదాకా ముట్టనని ఈయన మొక్కు. నీవు మిలిటరీ పల్టన్ నుంచి పంపిన తిండి డబ్బా విప్పి తూచాను. సేమియాలాంటి పిండిగొట్టాలు ఇరవై తులాలు, మాంసం నాలుగే. అంతా కలిపి వేడిచేసి, సేమియా అని ఆయనకు పెట్టాను.

"గీ సేమియా మంచిగున్నదే! ఇంకింత పెట్టు."

ఇవాళ పక్క దులుపుతుంటే డబ్బా మీది గొర్రెబొమ్మ కాగితం ఆయన దిండు కింద దొరికింది. నేను విప్పకముందే చింపి దాచాడు.

ఇక జరగవలసినవి:

1. ఇంకో ఆరు డబ్బాలు పంపు.
2. మాంసం ఎక్కువున్నవి చూడు.
3. గొర్రెబొమ్మలు అక్కడే చింపెయ్యి. మీ తాత మొక్కు చెడకూడదు.