నర్సవ్వ మెట్టెలు, నల్ల బూట్లు

నేల చాలక ఊళ్లు నిలువుగా పెరిగిన రోజులవి. బీరపాదులు కూడా నలభై అంతస్తుల గోడల మీదే కాసేవి. ఆ కాయలు కోసే నర్సవ్వ గోడెక్కుతుంటే బల్లులు సిగ్గుపడి దారిచ్చేవి. నమ్మకపోతే బల్లుల్నే అడగండి.

ఆ ఏడు, జారకుండా గోడను పట్టే మాట్లాడే బూట్లు లేనిదే ఎవరూ గోడెక్కకూడదన్నారు పైవాళ్లు. నర్సవ్వ మూడు జతలు తొడిగి చూసింది. ఎర్రజత మడమ కొరికింది. నీలంజత వదులై, సబ్బుబిళ్లలా జారింది. నల్లజత గోడను జలగలా పట్టింది గానీ వేళ్ల దగ్గర బిగిసి, "నీ పాదం నాకు సరిపోదు. మెట్టెలు తియ్యి" అంది.

"తీసెయ్ రాదక్కా! లేకుంటే రేపటి సంది నీకు పని బంద్" అన్నాడు మేస్త్రీ సాయన్న.

"నా పెనిమిటి పోయిననాడు పదిమంది మీద పడ్డా తియ్యనియ్యలే. గీ బూటు చెప్తే తీస్తనా?"

కొడవలి అందుకుని, నల్లబూట్ల అడుగు చెడకుండా, వేళ్ల మీది బూటుతోలు కోసేసింది. మెట్టెలు తళుక్కుమని బయటపడ్డాయి. బూట్లు లబోదిబోమంటుంటే చరచరా ఎక్కింది. సగం గోడ దాటాక అవి అరిచి అరిచి అలసిపోయి, "పాదం సరిపోయింది" అని గొణిగాయి.

"నా పాదం ఎట్లుండెనో గట్లనే ఉన్నది బిడ్డా" అంది నర్సవ్వ, కాయ తెంపుతూ. "నువ్వే దారికొచ్చినవ్."