శెనక్కాయల ఆటలో గొంతు

శ్రుతి పలకను పక్కకు తోసేసింది.

“నువ్వు చెప్తే బాగలేదమ్మా. ఆయమ్మ మాదిరి చెప్పు.”

భవాని చేతిలో బలపం ఆగిపోయింది.

ఆయమ్మ అంటే ఎదురుగా ఉండే మనిషి కాదు. ఒకటో తరగతి పిల్లలకు బడిలో ఇచ్చే ట్యాబులోని గొంతు. తెర మీద శెనక్కాయల గంప ఉంటుంది. కాయకో అక్షరం. “క యాడుండాదో చూడు బంగారూ” అంటుందా గొంతు. సరైన కాయను తాకితే అది చిట్లి గింజలు రాలతాయి. “భలే పట్టినావే” అని నవ్వుతుంది.

ఆ నవ్వు తలుచుకుంటేనే భవానికి ఒళ్లు మండిపోతుంది. అన్నం కలిపి పెట్టేది తను. జ్వరమొస్తే ఒళ్లో వేసుకుని పుట్టపర్తి ఆసుపత్రికి పరిగెత్తేది తను. ముద్దులు మాత్రం ట్యాబుకు.

సాయంత్రం హిందూపురం మిల్లు నుంచి భవాని మొగుడు రాఘవేంద్ర వచ్చాడు. నాయన రాగిసంగటి తింటుంటే శ్రుతి ఎదురుగా కూర్చుని, “భలే పట్టినావే” అంటూ ఆ గొంతును అచ్చంగా దించింది. అతని చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

“ఏం, నీకూ పోయి వినాలనుండాదా?” అంది భవాని.

“నేనేమంటినే?” అన్నాడు, తల ఎత్తకుండా.

మరునాడు మధ్యాహ్నం ఆమె బడికి వెళ్లింది. సుకన్య టీచరు ట్యాబులకు చార్జింగ్ పెడుతోంది.

“ఆ ఆట తీసేయండి మేడమ్. పిల్ల ఇంట్లో నా మాట వినేదే లేదు.”

సుకన్య చేతిలో వైరు పక్కన పెట్టింది.

“పెనుకొండలో మన టీచర్లే కూర్చుని, గొంతిచ్చి చేసిన ఆట అది భవానీ. పిల్లోళ్లు దాంతోనే అక్షరాలు పట్టుకున్నారు. ధర్మవరం ట్రైనింగులో కొత్తదొకటి ఇచ్చినారు, వేరే గొంతు. నువ్వు ఊ అంటే ఇప్పుడే మార్చేస్తా. కానీ ఇది పోతే మళ్లా రాదు. ఒక్క ట్యాబులోనే మిగిలుండాది, ఇంకో కాపీ యాడా లేదు.”

“పోనీండి.”

“ఒక్కసారి వినిపో.”

“నేను విననిదా?” భవాని మొహం తిప్పుకుంది.

ఆ ఆట ఉన్న ట్యాబు శ్రుతి దగ్గరే ఉంది. గోడకు ఆనుకుని కూర్చుంది పిల్ల. ఆట ఎప్పుడో అయిపోయింది. అయినా ఒకే కాయను మళ్లీ మళ్లీ తాకుతోంది. నవ్వు వినబడగానే ట్యాబును చెవికి ఆనించుకుని కళ్లు మూసుకుంటోంది.

తన మాటను పిల్ల ఎన్నడూ అలా వినలేదు.

“ఇట్లియ్యి,” అంది భవాని పక్కన కూలబడి.

శ్రుతి ఇవ్వలేదు. “అమ్మా, ఈయమ్మ యాడుంటాది? మనింటికి పిల్చుకొద్దాం. నీకు పనుంటే ఈయమ్మ నాకు జడేస్తాది.”

ఆఖరికి జడ కూడానా.

సుకన్య వచ్చి చేయి చాపింది. ఒక్క నిమిషం పని. ఆ గొంతు పోతే పిల్ల ఇక తనది, మొత్తంగా తనది.

భవాని టీచరు వైపు చూసి వద్దన్నట్టు తలూపింది. శ్రుతిని ట్యాబుతో సహా ఒళ్లోకి లాక్కుంది.

“ఆయమ్మ ఇప్పుడు యాడా లేదు తల్లీ, చచ్చిపోయింది,” అంది. పిల్ల జడను వేళ్లతో సవరించింది.

“ఆయమ్మ మా అక్క, నిన్ను కన్నతల్లి.”