కళ్ళు మూసుకోని కోడి

పొగమంచులో తేలుతున్నట్టుండే ఓ చర్చిలో పావురాలు రోజూ పొద్దున్నే ప్రార్థనకు కూర్చునేవి. వాటి వెనకాలే ఓ కోడి. పిల్లల తల్లి కదా, గద్ద భయంతో దానికి కళ్ళు మూతపడేవి కావు. పావురాలకది పెద్ద తప్పు.

ఓ రోజు మంచుకు తడిసి ముద్దయిన కాకిపిల్ల ఒకటి గడప మీద పడి వణుకుతోంది. మొన్న ఈ కోడి పిల్లను ఎత్తుకుపోయిన కాకికి పుట్టిందే.

"పాపం, ఆ దిక్కులేని ప్రాణి కోసం ప్రార్థిద్దాం," అంది పెద్ద పావురం. అన్నీ కళ్ళు మూసుకున్నాయి. ప్రార్థన ఎంతకీ అవదు.

కోడికి పోయిన తన పిల్ల గుర్తొచ్చింది. అయినా చూపు గడప మీంచి కదల్లేదు. చివరికి లేచి వెళ్ళి రెక్క ఎత్తింది.

పావురాలు కళ్ళు తెరిచేసరికి గడప ఖాళీ.

"స్తోత్రం. మన మొర ఆలకించాడు," అంది పెద్ద పావురం. ఆపైన కోడి వైపు తిరిగి, "ఇవాళ కూడా కళ్ళు మూసుకోలేదా, సహోదరీ?" అంది.

"లేదండీ," అంది కోడి, తలొంచుకుని.

దాని రెక్క కింద వెచ్చగా, కాకిపిల్ల కళ్ళు మెల్లగా మూతలుపడుతున్నాయి.