బురుల్చా కన్నుగీటు

"ఆవిడ కన్ను కొడుతోంది!"

నోట్లో బూర్సోక్ రొట్టె ముక్క ఉండగానే లేచి అరిచాడు మామిర్‌కుల్. చాయ్‌ఖానా అంతా బురుల్చా వైపు తిరిగింది. ఆవిడ మళ్ళీ కన్ను కొట్టింది.

నూరుజ్ పండగనాటి తొగుజ్ కొర్గూల్ పోటీ, ఆఖరి ఆట. అచ్చం వామనగుంటలే. కాకపోతే మా నరీన్ ఊళ్ళో తెల్లటోపీల పెద్దమనుషులు దీనికోసం స్నేహాలు కూడా తెంచుకుంటారు. గెలిచినవాడికి పొట్టేలు. ఓడినవాడికి ఏడాది పొడుగునా మామిర్‌కుల్ ఎత్తిపొడుపులు, ఎందుకంటే ఎప్పుడూ గెలిచేది ఆయనే. పొట్టేలు పోతే పోయింది, ఆ నోటిని ఇంకో ఏడాది భరించడం మా వీధి వల్ల కాదు.

ఈసారి ఆయన ఎదురుగా కూర్చున్నది బురుల్చా తమ్ముడు ఉలాన్. కుర్రాడి ఆట మహా నత్తనడక. ఖర్బూజాలు ఏరేవాడిలా ఒక్కో గుంట మీదా చెయ్యి ఆడించి, అక్క వంక చూసి, అప్పుడు గానీ రాయి ముట్టడు.

అక్కకేమో చిన్నప్పట్నుంచీ రెప్ప కొట్టుకుంటుంది. భుజం ఎగురుతుంది. ఉండుండి "కుక్!" అంటుంది. మా వీధిలో అసలైన ఆటగత్తె ఆవిడే. నిరుడు "ఈ కోడికూతల మధ్య నాకు బుర్ర పనిచెయ్యదు" అని యాగీ చేసి, గెలిచే ఆటలోంచి మామిర్‌కుల్ ఆవిణ్ణి లేపించేశాడు. పాపం, ఇంటికెళ్ళి వెక్కివెక్కి ఏడ్చింది. ఏడుపు మధ్యలో కూడా "కుక్" అంది.

"ఏ గుంట ఆడాలో తమ్ముడికి సైగ చేస్తోంది. బయటికి పంపండి. లేదా పొట్టేలు నాకిచ్చెయ్యండి" అన్నాడు మామిర్‌కుల్.

మధ్యవర్తి ఆసిల్‌కాన్, ఊళ్ళో నర్సమ్మ. "కూర్చో బాబాయ్. అది సైగ కాదు, టురెట్. నరాల సంగతి" అంది.

"అంటే మూర్ఛా?"

"మూర్ఛొస్తే ఒంటిమీద తెలివుండదు. దీనికి నీకంటే ఎక్కువే ఉంది."

"మరి మా ఆవిడ తలుపు తాళం లాగిందే లాగి చూసుకుంటుందే, ఆ జబ్బా?"

"పిన్నికి దొంగలొస్తారన్న భయం. దీనికి భయమూ లేదు, పాడూ లేదు. తుమ్మొచ్చినట్టు వస్తుందంతే."

"పాడు అలవాటు! చిన్నప్పుడే రెండు తగిలించి ఉంటే పోయేది."

"తుమ్ముని కొడితే పోతుందా బాబాయ్?"

"ఆపుకోవచ్చుగా?"

ఈసారి బురుల్చానే జవాబిచ్చింది. "కాసేపు ఆపుకోగలను బాబాయ్. తర్వాత వడ్డీతో సహా వస్తుంది. కుక్!"

అందరూ ఘొల్లున నవ్వారు. అయినా మామిర్‌కుల్ నమ్మలేదు. ఉలాన్‌ని ఆడమని, తను కళ్ళద్దాలు పెట్టుకుని బురుల్చాకేసి గుచ్చిగుచ్చి చూశాడు. ఉలాన్ చెయ్యి కదిలింది. ఈ గుంట దగ్గర కన్ను కొట్టింది. పక్కదాని దగ్గర భుజం ఎగరేసింది. ఆ పక్కదాని దగ్గర "కుక్" అంది.

మామిర్‌కుల్ మొహం విప్పారింది. "అడ్డమైన గుంటకీ కన్ను కొడుతోందే! ఈ సైగల్ని నమ్ముకుంటే మా గాడిద చేతిలో కూడా ఓడిపోతాడు. ఉండనివ్వండమ్మా, ఉండనివ్వండి!"

ఉండనిచ్చారు. తెల్లటోపీ చెమటతో తడిసేదాకా ఆడి, మామిర్‌కుల్ చిత్తుగా ఓడిపోయాడు. మర్యాద తెలిసిన మనిషే, పొట్టేలు తాడు స్వయంగా ఉలాన్ చేతికిచ్చాడు.

వీధి మలుపు తిరిగారో లేదో, బురుల్చాకి కన్నూ భుజమూ కుక్కూ ఒక్కసారిగా ముంచుకొచ్చాయి. పొట్టేలు హడలిపోయి తాడు లాక్కుంది. ఉలాన్ కంగారుగా అక్క చెయ్యి పట్టుకున్నాడు.

"వచ్చే ఏడాదైనా కాస్త చురుగ్గా ఆడి చావరా, నీ చెయ్యి సరైన గుంట మీదికొచ్చినప్పుడల్లా కదలకుండా బిగబట్టుకోలేక నా ప్రాణం పోయింది!" అంది అక్క.