కాటా మీద ఇరవై కిలోలు

లారీలు తూచే కాటా గదిలో రాత్రి డ్యూటీ ఆమెది. నిద్ర రాకుండా, అక్క కూతురి కోసం ఊలుతో చిన్న ఎలుగుబంటి బొమ్మ అల్లుతోంది. కాళ్లూ ఒళ్లూ తలా ఒకే అల్లికలో వచ్చేశాయి. చెవులు రెండూ కుడితే పనైపోయినట్టే.

ఒక చెవి కుట్టి తలెత్తేసరికి బరువు చూపే తెర మీద ఇరవై కిలోలు కనిపించింది. కిటికీలోంచి చూస్తే దీపం వెలుగులో కాటా ఖాళీగా ఉంది. కాటాలు బాగుచేసే బాబాయికి ఫోన్ చేసింది.

"తేమకి అలాగే చూపిస్తుందమ్మా. సున్నా మీట నొక్కి నీ పని చూసుకో."

నొక్కింది. సున్నా వచ్చింది. రెండో చెవి కోసం సూదిలో ఊలు ఎక్కిస్తుండగా అంకె మారింది. మళ్లీ ఫోన్ చేసింది.

"బాబాయ్, ఇప్పుడు మైనస్ ఇరవై అంటోంది."



"అయితే తేమ కాదమ్మా. నువ్వు మీట నొక్కినప్పుడు దాని మీద ఏదో ఉంది. ఇప్పుడు దిగింది."

కాటా నుంచి గదికి ఆరడుగులు. చిన్న కాళ్లయితే పది. తలుపు మీద ఎవరో మెల్లగా తట్టారు, గడియకు చాలా కిందుగా.

"ఎవరమ్మా అది?" అన్నాడు బాబాయి.

తలుపు అవతలి నుంచి ఓ చిన్నపిల్ల గొంతు వినిపించింది.

"బొమ్మ అయిపోయిందా అని అడుగుతోంది బాబాయ్."