అరతాళం ఆలస్యం

“నువ్వు కాస్త పక్కకి రామ్మా,” అన్నాడు డాన్సు మాస్టారు.

పాట సగంలో ఆగింది. ఎవర్ని పిలిచాడో వరసలో ఉన్న పిల్లలందరికీ తెలుసు. బడంతా ఆ పిల్లని నత్త అనే పిలుస్తుంది. అందరి చేతులూ వెనక్కి వచ్చేశాక అరతాళం ఆలస్యంగా వచ్చే చెయ్యి ఆ పిల్లదే.

మామూలు రోజైతే మాస్టారు చూసీ చూడనట్టు ఊరుకునేవాడేమో. ఇవాళ రికార్డింగు. ఈ బడీ, ఎక్కడో సముద్రాల అవతలున్న ఇంకో దేశపు బడీ కలిసి ఒకే డాన్సు చేస్తున్నాయి. ఇక్కడి వరస గోడమీది పెద్ద తెరవైపు తిరిగి ఆడుతుంది. ఆ తెరలో అక్కడి వరస, అక్కడి తెరలో ఈ వరస కనిపిస్తాయి. ఒక్కొక్కరికీ అవతల ఒక జత. ఇద్దరూ ఒకే క్షణానికి ఎవరి పాట వాళ్ళు పెట్టుకుంటారు, ఎవరి వీడియో వాళ్ళు తీసుకుంటారు, తర్వాత రెండూ పక్కపక్కన అతికిస్తారు. డాన్సు మధ్యలో అందరూ తెరవైపు చెయ్యి చాపి, జతవాళ్ళ చెయ్యి అందుకున్నట్టు చేసి, వెనక్కి తీసుకోవాలి. సరిగ్గా అక్కడే నత్త వెనకబడిపోతోంది.

మాస్టారికి కోపం ముక్కు మీదే ఉంటుంది. అయితే ఆయనకి కోపం కన్నా ఆరా ఎక్కువ. తాళం తెలియని పిల్లయితే పాట పొడుగునా తప్పాలి కదా. ఈ పిల్ల గెంతడంలో తప్పదు, తిరగడంలో తప్పదు, చెయ్యి చాపే చోట మాత్రమే తప్పుతుంది. ఆ సంగతేమిటో తేలేదాకా ఆయనకి తోచదు.

ముందు చెవుల మీద అనుమానమొచ్చి స్పీకరు పక్కన నిలబెట్టాడు. అదే ఆలస్యం. బూట్లు బిగుతేమోనని విప్పించాడు. చేతికీ బూట్లకీ ఏం సంబంధమని పిల్లలు కిసుక్కున నవ్వారు. ఆ నవ్వు విననట్టు నటించి, ఏమనుకున్నాడో ఏమో, తెర ఆపేసి పాట ఒక్కటే పెట్టాడు.

నత్త చెయ్యి అందరితో పాటే వెళ్ళింది, అందరితో పాటే వచ్చింది. వెంట్రుకవాసి తేడా లేదు.

మాస్టారు నోరు వెళ్ళబెట్టాడు. తెర పెట్టి చూశాడు. మళ్ళీ ఆలస్యం. తెర తీసేశాడు. మళ్ళీ సరిపోయింది.

“అయితే తెర చూస్తూ ఒళ్ళు మరిచిపోతున్నావన్నమాట.”

“లేదు మాస్టారూ.”

“మరి అందరూ చెయ్యి తీసేస్తే నువ్వెందుకు తియ్యవు?”

నత్త తల వంచుకుని చొక్కా అంచు నలిపింది. “ఇంకా రాలేదు కదా మాస్టారూ.”

ఏం రాలేదే తల్లీ అని అడగబోయేంతలో కంప్యూటరు టింగుమంది. అవతలి టీచరమ్మ సందేశం. అంతా సిద్ధమే కానీ తమ వరసలో కూడా ఒక పిల్ల ప్రతిసారీ ఆలస్యం చేస్తోందనీ, ఎంత చెప్పినా వినకపోతే ఇందాకే తీసి పక్కన కూర్చోబెట్టాననీ, ఒకరు తగ్గినందుకు ఏమీ అనుకోవద్దనీ రాసింది.

మాస్టారికి పెద్ద బరువు దిగినట్టయింది. అక్కడా ఒక నత్త ఉందన్నమాట. అటు ఒకరు తగ్గారు, ఇటూ ఒకరిని తగ్గిస్తే వరసలు సరిపోతాయి, గొడవ వదిలిపోతుంది. ఈసారికి కూర్చుని చూడమనీ, వచ్చే ఏడాది తప్పకుండా ఆడిస్తాననీ నత్తకి మెల్లగా నచ్చజెప్పాడు.

పిల్ల కళ్ళలో నీళ్ళు గిర్రున తిరిగాయి. ఏడవలేదు. “ఒక్కసారి ఆడి కూర్చుంటాను మాస్టారూ,” అంది. “రికార్డింగు వద్దు. ఊరికే.”

ఆయన మనసు కరిగింది. ఎలాగూ ఒకసారి ఆడించి చూసుకోవాలి కదా అని తనకి తనే సర్దిచెప్పుకున్నాడు.

తెర వెలిగింది. అక్కడి వరస నిలబడి ఉంది. నత్తకి ఎదురుగా ఉండాల్సిన పొట్టి జుట్టు పిల్ల మాత్రం లేదు. ఆ చోటు ఖాళీ. నత్త ఒక్క క్షణం తెల్లబోయింది. అంతలోనే పాట మొదలైంది, ఆడడం మొదలుపెట్టింది.

చెయ్యి చాపే చోటు వచ్చింది. ఇక్కడ అందరి చేతులూ తెరవైపు సాగాయి, తాళానికి వెనక్కి వచ్చేశాయి. అప్పటికి గానీ తెరలోని పిల్లలు చేతులు చాపడం మొదలుపెట్టలేదు. అంత దూరం నుంచి బొమ్మ వచ్చి చేరడానికి ఆ కాస్త సేపు పడుతుందని మాస్టారికి తెలుసు. తెలిసిన విషయమే కాబట్టి ఇన్నాళ్ళూ పట్టించుకోలేదు. వాళ్ళ చేతులు ఇటు చేరే వేళకి అందుకోవడానికి ఇక్కడ ఎవరి చెయ్యీ లేదు.

నత్త చెయ్యి తప్ప. అది ఖాళీ చోటువైపు చాచి అలాగే ఉంది.

తెరలోని వరస కూడా చేతులు వెనక్కి తీసేసుకుంది. పక్కనున్న పిల్లలు ముసిముసిగా నవ్వడం మొదలుపెట్టారు. “ఇక చాలమ్మా” అనే మాట మాస్టారి నాలుక చివరిదాకా వచ్చింది.

అప్పుడు తెర అంచులోంచి, మనిషి కనిపించకుండా, ఒక చిన్న చెయ్యి లోపలికి వచ్చింది.

నత్త నవ్వి, ఆ చేతిని అందుకున్నట్టు వేళ్ళు ముడిచి, అప్పుడు తన చెయ్యి వెనక్కి తీసుకుంది.

మాస్టారు పాట ఆపేశాడు. ఆ చేతిగల పిల్లని వరసలో నిలబెట్టమని అవతలి టీచరమ్మకి గబగబా రాసి, ఇటు తిరిగాడు.

“మళ్ళీ మొదటినుంచి,” అన్నాడు. “అందరూ నత్తని చూసి ఆడండి.”