ఏడు తర్వాత

“ఆయమ్మా, మా ఆవిడకు దాహంగా ఉంది. కాసిని మంచినీళ్ళు పట్టుకొస్తావా?”

చౌడేశ్వరి దాహమని అనలేదు. ఎండిన పెదవులు రెండుసార్లు తడుపుకుంది, అంతే. పక్కనున్న భర్త వెంకటప్పయ్య అది చూశాడు.

పటమటలో అదొక చిన్న మిషన్ ఆసుపత్రి. వరండాలో బల్ల సర్దుతున్న ఆవిడ సరేనని లోపలికెళ్ళి గ్లాసుతో నీళ్ళు తెచ్చింది.

ఆవిడ ఆయా అని వెంకటప్పయ్యకు ఎవరూ చెప్పలేదు. చీర చెప్పింది. నలభై నంబరు ముతక నూలు, సాదా అంచు. మగ్గం మీద పెరిగినవాడికి బట్టను చూసి మనిషిని తేల్చేయడం అలవాటు. మనసు పరీక్ష చేసే డాక్టరమ్మ ఇలాంటి చీర కడుతుందా?

డెబ్బై నాలుగు వేసవి అది. కాన్పులో బిడ్డ పోయి నాలుగు నెలలు. అప్పటినుంచి చౌడేశ్వరి మగ్గానికి నూలు కండెలు చుట్టదు, ఎవరితోనూ మాట్లాడదు. పొద్దస్తమానం అంకెలు గొణుగుతుంది. మూడు, ఒకటి, మూడు, ఏడు.

చీర అంచులో పోగుల లెక్కేమోనని మొదట వెంకటప్పయ్య ఆశపడ్డాడు. తనకు తెలిసిన ఏ అంచుకూ ఆ లెక్క కుదరలేదు. ఇక పిచ్చేనని కంకిపాడు పక్కనున్న వాళ్ళ ఊరి పెద్దలు తీర్మానించారు. విశాఖ పిచ్చాసుపత్రిలో చేర్చమన్నారు. అందుకు ఇక్కడి డాక్టరమ్మ చీటీ రాయాలి.

చీటీ వస్తే భార్య దూరమైపోతుంది. వద్దని పెద్దల ముందు చెప్పేంత గుండె అతనికి లేదు.

నీళ్ళు తెచ్చినావిడ వెళ్ళలేదు. చౌడేశ్వరి పక్కనే నేల మీద చతికిలబడింది.

“పని చూసుకో ఆయమ్మా. డాక్టరమ్మగారు చూస్తే తిడతారు.”

“తిట్టదు లెండి” అందావిడ.

చౌడేశ్వరి గొణుగుతూనే ఉంది. మూడు, ఒకటి, మూడు, ఏడు.

“ఏడు తర్వాత?” అని అడిగిందావిడ.

చౌడేశ్వరి తలెత్తింది. ఇన్నాళ్ళూ ఆపమన్నవాళ్ళే గానీ, తర్వాత ఎంతని అడిగినవాళ్ళు లేరు.

“ఐదు” అంది మెల్లగా.

ఆవిడ గళ్ళ కాగితం, పెన్సిలు తెచ్చి ముందు పెట్టింది. చౌడేశ్వరి లెక్క చెప్పుకుంటూ ఒక్కో గడీ నింపసాగింది. గంట గడిచాక వెంకటప్పయ్య వంగి చూశాడు.

అంచు పొడుగునా చిన్న చిన్న ఉయ్యాలలు. ఒక్క గడి తప్పలేదు. ఇంతవరకు ఎవరూ నేయని అంచు, అతనికి మాత్రం ఎలా తెలుస్తుంది?

“మన మగ్గం మీద పడుద్దా?” అని అడిగింది చౌడేశ్వరి.

నాలుగు నెలల తర్వాత అతనితో ఆడిన మొదటి మాట అది.

“ఎందుకు పడదే, పడుద్ది” అన్నాడు. కండువాతో కళ్ళు తుడుచుకున్నాడు.

ఆవిడ కాగితం ఓసారి చూసి, చౌడేశ్వరి చేతికే ఇచ్చి లోపలికి వెళ్ళింది. కాసేపటికి కాంపౌండరు సొలొమోను బయటికొచ్చి ఓ కవరు అందించాడు. డాక్టరమ్మగారు ఇమ్మన్నారనీ, నెలకి మళ్ళీ రమ్మన్నారనీ, ఇక బయల్దేరవచ్చనీ చెప్పాడు.

మనిషిని చూడకుండానే విశాఖకు చీటీ రాసేశారా? వెంకటప్పయ్య కవరు విప్పకుండానే జేబులో పెట్టుకున్నాడు. ఆ ఆయమ్మకైనా ఓ మాట చెప్పి వెళదామంటే ఆవిడ మళ్ళీ కనబడలేదు.

బస్సు ఆటోనగర్ దాటింది. చౌడేశ్వరి గొణగడం లేదు. కాగితం ఒళ్ళో పెట్టుకుని అతని భుజం మీద నిద్రపోతోంది. ఇక ఉండబట్టలేక కవరు చింపాడు. చీటీ తెలుగులోనే ఉంది.

“ఇది పిచ్చి కాదు, దుఃఖం. విశాఖ పంపనక్కర్లేదు.”

ఆ ముక్క మూడుసార్లు చదువుకున్నాడు. నాలుగు నెలలుగా బిగబట్టిన ఊపిరి అప్పుడు వదిలాడు. పెద్దలకిక ఈ కాగితమే చెబుతుంది.

కింద ‘ఈమెకున్న బలాలు’ అని ఇంకో రెండు వాక్యాలున్నాయి.

“మొదటిది, దుఃఖంలోనూ లెక్క తప్పని తల. రెండోది, అడగకుండానే ఆమె దాహం కనిపెట్టి, నన్ను మంచినీళ్ళకు పంపిన భర్త.”